రంగూన్ నుంచి వచ్చిన బాడిశ

నా చిన్నప్పుడు పాలవాడు చెంబు దించితే, మా నాయనమ్మ అందులో నీళ్ళెన్నని కాదు, పాలెన్నని అడిగేది. అంత అనుమానం మనిషి. మాది శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఒక పల్లె.

ఒకరోజు మా ఇంటికి రంగూన్ నుంచి ఒకతను వచ్చాడు. మా తాతయ్య తమ్ముడు వయసులో ఉండగానే వడ్రంగం పనికి రంగూన్ వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. తాను ఆయన కొడుకునని, తండ్రి పోయాడని, తనకింకెవరూ లేరని అతను చెప్పాడు. సాక్ష్యంగా, తండ్రిదంటూ, సంచిలోంచి కర్ర చెక్కే బాడిశ ఒకటి తీశాడు. దాని ఇనుము మీద నెలవంక, రెండు చుక్కలు. మా ఇంటి పనిముట్లన్నిటి మీదా ఉండే గుర్తే అది. తాతయ్య అతన్ని పట్టుకుని ఏడ్చేశాడు. నాయనమ్మ అన్నం పెట్టింది గానీ మాట కలపలేదు. చినతాత వాటా పొలం కోసం ఎవడో వేషం కట్టి వచ్చాడేమోనని ఆవిడ గుబులు. మర్నాడు పొద్దున్నే అతని చేత కట్టెలు కొట్టించి, అరుగు మీంచి చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత చింతపండు, బూడిద పెట్టి బాడిశను తోమింది. మసి, నూనె వదిలాక ఇనుమంతా నల్లగానే ఉంది, గుర్తు గీతలు మాత్రం తెల్లగా మెరిశాయి. మా కమ్మరి గుర్తును కాలిన ఇనుము మీద కొట్టేవాడు. అలా కొట్టిన గుర్తుకి అంచులు మొద్దుగా ఉంటాయి, లోపల నల్లగా ఉంటుంది. పోల్చుకోమని మా గునపం నా ముందు పెట్టింది.

"సూడే, ఇది మొన్న మొన్న సల్లటి ఇనుం మీద గీసింది" అంది.

నాన్న కర్ర అందుకున్నాడు. అతను తల దించుకున్నాడు. తాతయ్య ముఖం చూడలేకపోయాను. అతన్ని గెంటేస్తే కథ అక్కడితో అయిపోయేదే. కానీ మా నాయనమ్మకి తన అనుమానం మీద కూడా అనుమానమే. బాడిశ పిడిని కుడిచేత్తో పట్టి చూసింది, కుదరలేదు. ఎడమచేతికి మార్చింది. బొటనవేలు వెళ్ళి సరిగ్గా ఒక గుంటలో కూర్చుంది. ఏళ్ళ తరబడి ఒకే వేలు నొక్కితే పడిన నున్నటి గుంట. చినతాతది ఎడమచేతి వాటం. ఇతనేమో పొద్దున్న కట్టెలు కొట్టింది కుడిచేత్తో.

"బాడిశ మా మరిదిదే. మరి దొంగ గుర్తు ఏటికి గీసినావురా?" అంది.

అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. "నూరి నూరి అసలు గుర్తు అరిగిపోనాది పెద్దమ్మా. అయ్య సెప్పినట్టే మళ్ళీ గీసినాను. మీ పెద్దమ్మకి అనుమానం ఎక్కువ, గుర్తు సూపకపోతే గుమ్మం ఎక్కనీదని సెప్పీవోడు."

ముందుగా నవ్వింది తాతయ్యే. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఆవిణ్ణి అంత బాగా ఎరిగింది ఆ మరిదే కదా.

అతను మాకు చిన్నాన్నయ్యాడు, తండ్రి వాటా పొలం దున్నుకున్నాడు. ఇప్పుడు నాకు నాయనమ్మ వయసు వచ్చింది, ఆవిడ అనుమానమూ వచ్చింది. అయితే ఒకరి మాటలో అబద్ధం దొరకగానే అక్కడితో ఆగిపోను. నిజం చెప్పేవాళ్ళు కూడా, ఎక్కడ నమ్మరోనన్న భయంతో, దాని మీద ఒక అబద్ధం గీసుకుంటారని ఆ రోజే చూశాను. బాడిశ నా దగ్గరే ఉంది. ఆ దొంగ గుర్తు చెరిపేద్దామని చిన్నాన్న ఎన్నిసార్లు అడిగినా నాయనమ్మ ఒప్పుకోలేదు. నేనూ చెరపనివ్వను.