ఇరవై ఏడో పలక

ఖీవా కోటలోని పాత రాజభవనంలో బీబీజాన్ ఇరవై మూడేళ్ళు నేల ఊడ్చింది. ఆమె ఊడుస్తుంటే పక్కన గైడ్లు పరదేశీయులకు ఒకప్పుడు అక్కడ ఏలిన ఖాన్ల కథలు చెప్పేవారు: ఎవడు ఎవణ్ణి చంపించాడో, ఎవడికి ఎందరు భార్యలో. ఆ గోడలు కట్టినవాళ్ళ ఊసు ఒక్కడూ ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు. కాలేజీ గుమ్మం తొక్కకుండా పుస్తకాలు బట్టీపట్టి, లైసెన్సు లేకుండానే ఆ కథలు చెప్పి పొట్ట పోసుకునేవాణ్ణి.

ఆ వేసవిలో ఇద్దరం గైడు పరీక్షకు పేర్లిచ్చాం. వచ్చే ఏడు నుంచి డిగ్రీ లేనివాళ్ళను రానివ్వరు. యాభై రెండేళ్ళ బీబీజాన్‌కు అదే మొదటి ప్రయత్నం, అదే ఆఖరిది.

గేటు దగ్గర టిక్కెట్లు చింపే షోనజర్ నవ్వాడు.

"ఓపా, లైసెన్సు వస్తే చీపురేం చేస్తావ్ అక్కా?"

"నీకే ఇస్తాలే అబ్బాయ్. ముందు నీ నోరు ఊడ్చుకో."

పరీక్ష భవనం ముంగిట్లోనే. పరీక్షాధికారి మత్యాకుబొవ్ ఈ కోట మీద లావుపాటి పుస్తకం రాసిన గురువు. అందరూ 'దోమ్లా' అని చేతులు కట్టుకునే మనిషి. ఆయన నీలి పలకల గోడను చూపించాడు. వాటి మీది పూలతీగ బొమ్మలో ఒకచోట తీగ తెగుతుంది, ఆకు వచ్చి కాడ లేని చోట ఆగిపోతుంది.

"ఇదెందుకిలా ఉంది?" అని నన్నడిగాడు.

ఆయన పుస్తకంలో ఉన్నదే అప్పజెప్పాను. "లోపం లేనివాడు దేవుడొక్కడే. అందుకని పనివాడు కావాలని ఒక తప్పు వదిలాడు, దోమ్లా."

ఆయన తల పంకించాడు. తర్వాత బీబీజాన్ వంతు.

"అది నిజం కాదు, దోమ్లా," అంది.

ఆ పుస్తకం రాసినవాడి ముందే ఆ మాట!

"మరి నిజమేంటమ్మా?"

"పలకలకు అంకెలున్నాయి చూడండి. బట్టీలోంచి వచ్చాక గోడకు ఎక్కించేవాళ్ళు వరస తప్పకూడదని ఒక్కోదాని మీదా రాశారు. నిషేధమైన పాత అరబ్బీ లిపి పుస్తకాలను మా అవ్వ పిండి డబ్బాలో దాచిన రోజుల్లో నాకు అంకెలొక్కటే నేర్పింది. కుడి నుంచి చదవండి. ఇరవై ఐదు, ఇరవై ఆరు, తర్వాత ముప్పై ఎనిమిది! ఇరవై ఏడు అదిగో, పై వరసలో ముప్పై ఎనిమిది ఉండాల్సిన చోట కూర్చుంది. ఎప్పుడో మరమ్మతు చేసినవాళ్ళు తారుమారు చేశారు. ఈ మాట గైడ్లకు ఎన్నిసార్లు చెప్పానో. చీపురు పట్టిన చేతికి చరిత్రేం తెలుసన్నారు."

మత్యాకుబొవ్ నిచ్చెన తెప్పించాడు. అరవై దాటిన మనిషి, తానే ఎక్కాడు. కళ్ళద్దాలు తుడుచుకుని వేలుపెట్టి ఒక్కో అంకె చదివాడు.

"ముప్పై ఏళ్ళుగా మంత్రుల చేత కూడా చప్పట్లు కొట్టించుకున్నాను ఈ కథకు," అన్నాడు పైనుంచే.

"కథ బాగానే ఉంది, దోమ్లా. పాపం, పనివాడి మీద చేయని తప్పు వేశాం, అంతే."

ఆయన పకపకా నవ్వాడు. నిచ్చెన దిగి, ఆమె లైసెన్సు కాగితం మోకాలి మీద పెట్టుకుని అందరి ఎదుటా సంతకం చేశాడు. నాకూ లైసెన్సు ఇచ్చారు. నా జవాబు ఆయన పుస్తకంలోది కదా.

శరదృతువులో ఆ రెండు పలకలూ విప్పి మార్చారు. ఇరవై ఏడు తన చోటికి రాగానే తీగ కలిసింది, ఆకుకు కాడ దొరికింది. షోనజర్ టిక్కెట్లు వదిలేసి పరుగున వచ్చి చూశాడు.

మర్నాడు బీబీజాన్ మెడలో కార్డు వేసుకుని మొదటి గుంపును తీసుకొచ్చింది. సింహాసనపు గది వైపు పోబోయిన వాళ్ళను ఆపింది.

"ఖాన్లు ఎక్కడికీ పోరు, ఆగండి. ముందు పనివాళ్ళను పలకరిద్దాం," అని గోడ కుడి మూల కింద వంగి ఒకటో అంకె మీద వేలుంచింది.

నేను పుస్తకం సంచిలో పెట్టి ఆ గుంపు వెనక నిలబడ్డాను.