వాన పడితేనే తిరిగే మిషను

ఆ రోజుల్లో కొరాపుట్‌లో కోటు లేనివాణ్ణి చలి గుర్తుపట్టేది, కోటు ఉన్నవాణ్ణి జనం గుర్తుపట్టేవారు. స్వరాజ్యం వచ్చిన కొత్త. కటక్ నుంచీ పూరీ నుంచీ బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లు బస్సు దిగుతూనే వణికేవారు, వణుకుతూనే మా కొట్టు ఎక్కడని అడిగేవారు. మా కొట్టంటే నాది కాదు. (అప్పట్లో నాకు సొంతమైనవల్లా ఒక రేకు పెట్టె, బోలెడు గర్వం.) కొట్టు మా అమ్మకి వరసకి తమ్ముడైన మావయ్యది. శ్రీకాకుళం దగ్గర పల్లెనుంచి కత్తెర ఒక్కటి పట్టుకుని కొండెక్కి, అక్కడే స్థిరపడిపోయిన మనిషి. ఊరంతా ఆయన్ని కోటు మావయ్య అనేది. నాకు మీసాలు మొలుస్తున్న వయసులో అమ్మ నన్ను ఆయన ముందు నిలబెట్టి, "తిండెట్టి పని నేర్పు తమ్ముడూ, ఈడికి సదువు అబ్బనేదు" అంది. ఆయన తిండీ పెట్టారు, పనీ నేర్పారు. దానికి నేనేం చేశానో చెప్పాలంటే ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి.

దర్జీ పనిలో మిషను తొక్కడం ఒక మెట్టు, గుడ్డ కత్తిరించడం పై మెట్టు. మా కొట్లో కత్తెర పట్టే హక్కు మావయ్య ఒక్కరిదే. ఎవరికైనా ఆ హక్కు ఇవ్వదలిస్తే దసరాకి ఆయుధపూజలో కత్తెరకి బొట్టుపెట్టి, అందరి ముందూ చేతికివ్వడం ఆనవాయితీ. కొట్లో నేను కాక ఉన్న పనివాడు గుండీల తాత. కాజాలు కుట్టి కుట్టి ముసలివాడైపోయాడు గానీ ఆయనకి ఆ యోగం పట్టలేదు. "నాకు కత్తెరెందుకురా, సూదుంటే సాల్దేటి" అనేవాడు. నాకు చాలలేదు. కొట్టు వెనక వీధిలో ఉన్న నా అద్దెగదిలోకి ఒక పాత చేతిమిషను చేర్చి మంచం కింద దాచాను. మావయ్య అటు తిరగ్గానే ఖాతాదార్ల చెవిలో, "రవికలకీ నిక్కర్లకీ ఇన్నాళ్లు తిరగడం ఎందుకండీ, మా గదికి పంపండి, తొందరగా చేసిస్తాను" అని గొణిగేవాణ్ణి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, ఒక్కొక్కటే పీకి పట్టుకుపోయాను.

చిక్కల్లా చప్పుడుతోనే. ఆ మిషను తిప్పితే గానుగలా కిర్రుమనేది, మావయ్య ఇల్లేమో కూతవేటు దూరం. అందుకని వాన పడుతున్నప్పుడు మాత్రమే తిప్పేవాణ్ణి. కొరాపుట్ వాన సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రేకు మీద పట్టిందంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. నా ఖాతాదార్లు కూడా దీనికి అలవాటు పడిపోయారు. జాకెట్టు కుట్టడానికిచ్చిన పక్కవీధి ఒరియా మావుసి, అంటే మన పిన్నిలాంటావిడ, గుమ్మంలోంచి ఆకాశం కేసి చూసి, "ఆజి బర్షా హెబొ" అని నవ్వుకుంటూ వెళ్లేది. ఇవాళ వాన పడుతుంది, తన జాకెట్టు అయిపోతుంది అని ఆవిడ ధీమా. ఎండ కాసిన రోజున నేను ఇంటికి పోకుండా కొట్లోనే ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి. అది చూసి మా అత్త, "కుర్రోడు ఎంత పనిమంతుడో" అని నాకు మరో గరిటె కూర వేసేది. ఆ కూర కూడా తిన్నాను.

ఆ ఏడు దసరాకి ముందు మావయ్య నన్ను పిలిచి, "ఈ పండక్కి నీకు కత్తెర ఇద్దామనుకుంటన్నానురా. సలికాలం కోట్లు ఇద్దరం కత్తిరిద్దాం" అన్నారు. నేలమీద కాలు ఆనలేదు. కత్తెర చేతికొస్తే కోటు కత్తిరింపు నేర్పుతారు, అది వస్తే నా బతుక్కి ఢోకా లేదు. సంతోషంతోపాటే ఒక బెంగ కూడా పట్టుకుంది. పండగనాడు పనిముట్టు పూజ లేకుండా ఉండకూడదు. కొట్లో మిషన్లన్నీ బంతిపూలు కట్టుకుని కూర్చుంటాయి, మంచం కింద నాది మాత్రం బోడిగా పడుంటుంది. పోనీ నేనే బొట్టు పెడదామా అంటే, పని నేర్పిన గురువు చేతి కుంకుమ కాకపోతే సూది విరుగుతుందని నాకో గట్టి నమ్మకం. (దొంగతనానికి అడ్డురాని భక్తి మిషను దగ్గరికొచ్చేసరికి పొంగుకొచ్చింది.) పూజ అవుతూ ఉండగా అందరూ కొబ్బరికాయ కేసి చూస్తున్న క్షణంలో పళ్లెంలోంచి గుప్పెడు కుంకుమ, ఒక కోసిన నిమ్మచెక్క, నాలుగు బంతిపూలు తీసి జేబులో కుక్కుకున్నాను. పండక్కి మావయ్య కుట్టి ఇచ్చిన తెల్లచొక్కా అది.

మావయ్య కత్తెరకి బొట్టుపెట్టి నన్ను రమ్మన్నారు. వెళ్లి వంగి కాళ్లకి దణ్ణం పెట్టి లేచాను. లేచేసరికి అత్త కెవ్వుమంది. "ఓలమ్మో! కుర్రోడి గుండెల్లోంచి నెత్తురురా దేవుడా!" నిమ్మరసానికి కుంకుమ కరిగి, తెల్లచొక్కా మీద ఎర్రగా బొడ్డుదాకా దిగుతోంది. గుండీల తాత పరుగున వచ్చి జేబులో చెయ్యి పెట్టి, ముందు నిమ్మచెక్క, తరవాత నలిగిన బంతిపూలు బయటికి తీశాడు.

"ఏ దేవుడికి పట్టుకెల్తన్నావురా ఇయ్యి?" అన్నాడు తాత.

"సైకిలుకి" అన్నాను.

"నీకు సైకిలెక్కడిదిరా?"

జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మావయ్య చేతిలో కత్తెర అలాగే ఉంది. నా కేసి చూసి, కోపమన్నది లేకుండా, "వానాకాలం అయిపోనాది కదరా, ఇంక ఆ మిషను ఎలగ తిప్పుతావు?" అన్నారు.

ఆయనకి ముందునుంచీ తెలుసు. నేల చీలితే బాగుండుననిపించింది. ఇద్దరు ఆఫీసు గుమస్తాలు ప్రసాదం కోసం నిలబడి ఉన్నారు, వాళ్లిద్దరూ నాకు దొంగచాటు ఖాతాదార్లే, వాళ్లు గోడకేసి చూస్తున్నారు. మావయ్య పూజ పళ్లెం పట్టుకుని బయల్దేరారు. ఆయన వెనకాల అత్త, తాత, ఆ వెనకాల ఎర్రచొక్కాతో నేను. నా గదిలో ఆయనే వంగి మంచం కిందనుంచి మిషను లాగి, తన కండువాతో దుమ్ము తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చారు. తరవాత కత్తెర నా చేతిలో పెట్టారు. "ఇస్తానన్నాను, ఇచ్చేను. మరి రేపట్నించి మా కొట్టుకి రాకు. నీకూ కొట్టున్నాది, నాకూ కొట్టున్నాది." ఆయన తిట్టి ఉంటే నేను కాళ్లు పట్టుకునేవాణ్ణి. తిట్టలేదు, అందుకే ఏడ్వడానికి కూడా మొహం చెల్లలేదు.

నాలుగు రోజులు రాజాలా కాలు మీద కాలేసుకుని నా గదిలో కూర్చున్నాను. జాకెట్ల మావుసి తప్ప ఎవరూ రాలేదు. ఆవిడకి కూడా ఎండలో మిషను తిరగడం చూసి ఏదో అపశకునంలా అనిపించింది కాబోలు, మళ్లీ రాలేదు. ఆ తరవాత ఒరియా బడిపంతులొకాయన ఊలుగుడ్డ తెచ్చాడు. దసరానాడు నా చేతికి కత్తెర రావడం ఎవరి నోటో విన్నాడట. ఉద్యోగం ఖాయం చేసే పెద్దల ముందు నిలబడాలి, కోటు కావాలి, ఆ గుడ్డ వాళ్ల మావగారు పెళ్లికి పెట్టినది, మరొకటి కొనే స్తోమత లేదు. "తుమే పారిబొ తొ?" అన్నాడు, నువ్వు చేయగలవు కదా అని. తలూపాను. ఆయన వెళ్లాక గుడ్డ నేలమీద పరిచాను. కత్తెర తెరిచాను, మూశాను. చంక ఎక్కడ తిరగాలో, భుజం ఎక్కడ దిగాలో నాకొక్క ముక్క తెలియదు. ఆ పంతులు మొహం కళ్లముందు మెదిలింది, గుడ్డ మళ్లీ మడిచేశాను.

గుడ్డ చంకలో పెట్టుకుని మావయ్య కొట్టు వసారాలో నిలబడ్డాను. ఆయన తలెత్తి చూసి, గబగబా లేచి, "రండి బాబూ, రండి, కూకోండి" అన్నారు. నన్ను! తాత చేత బల్ల తుడిపించారు. మెడలోని టేపు తీసి నా ఛాతీ చుట్టూ తిప్పి కొలవడం మొదలెట్టారు. "సేతులు కొద్దిగా ఎత్తండి బాబూ." ఎత్తాను. కళ్లనించి నీళ్లు ధారగా కారుతుంటే చేతులు ఎత్తుకునే నిలబడ్డాను.

"మావయ్యా, కోటు నాకు కాదు. నాకు కత్తిరించడం రాదు" అన్నాను.

"రాదని తెలుసున్రా. తెలిసే కత్తెర ఇచ్చేను" అని టేపు మళ్లీ మెడలో వేసుకున్నారు. "తిన్నగా సూడు. సుద్దముక్క అందుకో."

ఆ కోటు వేసుకుని పంతులు ఉద్యోగం ఖాయం చేసుకొచ్చాడు. నా మిషను కొట్లోకి చేరింది. దాని సంగతి ఎవరైనా అడిగితే మావయ్య, "ఆడిదే, నేనే తెమ్మన్నాను" అనేవారు. ఆ అబద్ధం విన్నప్పుడల్లా నేను తల ఎత్తకుండా కుట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆయన లేరు, కొట్టు నేను చూస్తున్నాను. ఈమధ్య మా దగ్గర పనిచేసే కటింగు మాస్టరొకాయన, ఇద్దరు పిల్లల తండ్రి, ఖాతాదారు చెవిలో "మా ఇంటికి పంపండి" అని ఊదుతుండగా చూశాను. మావయ్యలా కోప్పడకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. వీధిలోకి వినపడేలా విశ్వాసం గురించీ, ఉప్పు గురించీ ఉపన్యాసం మొదలెట్టాను. మంచి ఊపులో ఉండగా లోపల్నించి మా ఆవిడ, "ఎవులు ఎవులికి సెప్తన్నారో కొంచెం సూసుకోండి" అంది. (మా ఆవిడ కోటు మావయ్య కూతురు. కత్తెర ఇచ్చిన చేత్తోనే ఆయన పిల్లనీ ఇచ్చారు.) మాస్టరు తల వంచుకుని నిలబడ్డాడు. నేనూ వంచుకున్నాను. చివరికి, ఆయన ఇంట్లో ఉన్న మిషను ఏపాటిదని అడిగాను.