మస్తాన్‌బీ అక్క వానపాములు

ఏడేళ్లు ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉండిపోయింది. అన్నం దిగేది, నీళ్లు దిగేవి, ఆ మాట మాత్రం కిందికి దిగేది కాదు, బయటికీ వచ్చేది కాదు. చెప్పాలంటే ముందు వానపాముల సంగతి ఎత్తాలి. వానపాములనగానే ఎవరైనా నవ్వుతారు. మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివరిదాకా వినండి.

పేరు చెప్పను. మాది దాచేపల్లికి కొంచెం ఇవతల ఊరు. గాలి ఇటు తిరిగితే సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము మా దండెం మీద బట్టలకు అంటుకుంటుంది. రెండెకరాలు మిర్చి, రెండెకరాలు పత్తి. మా ఆయన, నేను, ఒక గేదె, తొమ్మిది కోళ్లు.

మస్తాన్‌బీ అక్క మా వీధి చివర ఇంట్లో ఉంటుంది. నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె భర్త కాశిం భాయ్ బజార్లో కుట్టు మిషను పెట్టుకున్నాడు. అక్క ఎకరంన్నర కౌలుకు తీసుకుని సొంతంగా మిర్చి వేస్తుంది. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చినప్పుడు, వరి పండే మాగాణి ఊరి పిల్లని, పత్తి తీయడం కూడా రాదు నాకు. నేర్పింది అక్కే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే సానుభూతి కోసం చెప్పినట్టుంటుంది.

ఏడేళ్ల కిందట ప్రభుత్వం వాళ్లు మహిళా రైతులకు వానపాముల ఎరువు షెడ్లు ఇస్తామన్నారు. పురుగు మందులు తగ్గాలి, నేల బాగుపడాలి, ఆడవాళ్లు ఎరువు అమ్ముకుని నాలుగు డబ్బులు చూడాలి అని మీటింగులో చెప్పారు. మా ఊరికి రెండు వచ్చాయి. ఒకటి నాకు, ఒకటి అక్కకి. షెడ్డు లేపడానికి మొదటి విడత ఇస్తారు. తొట్టిలో పాములు బతికి ఎరువు తయారవుతోందని ఆఫీసరు కళ్లారా చూసి రాసుకున్నాక, కప్పు వేసుకోవడానికి రెండో విడత.

నేను దరఖాస్తు పెట్టింది నేల కోసమా? కాదు. షెడ్డు కోసం. కళ్లంలో ఎండిన మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, పెట్టుకోవడానికి నీడ లేక ఏటా అవస్థ పడేవాళ్లం. వానపాములంటే నాకు చచ్చేంత అసహ్యం. వర్షాకాలం గుమ్మంలో ఒక్కటి కనిపించినా మంచమెక్కి కూర్చుంటాను. అట్లాంటి దాన్ని సంచీడు వానపాముల కోసం వేలిముద్ర కాదు, చక్కగా సంతకం పెట్టి మరీ తెచ్చుకున్నాను.

సంచి వచ్చింది. మా ఆయన తొట్టిలో పేడ పరిచి కుమ్మరించాడు. మూడో రోజు మిర్చికి మందు కొట్టి వచ్చి, స్ప్రేయరు ట్యాంకు కడిగి, ఆ కడుగు నీళ్లు పారబోయడం దేనికని తొట్టిలోనే పోశాడు. తడి పెట్టమన్నారుగా అని. పాపం, తడే పెట్టాడు. పాముల పని అయిపోయింది. తర్వాత తొట్టి పక్కన గేదెను కట్టేశాం, మిగతా చోట పాత పట్టా కప్పి టిక్కీలు పెట్టాం. మూడు నెలలు నేను ఆ తొట్టి వైపు తొంగి చూస్తే ఒట్టు.

మస్తాన్‌బీ అక్క అట్లా కాదు. గోనెపట్టాలు కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లి, అరటి దవ్వ ఎక్కడ దొరికినా తెచ్చి వేసేది. వాటిని "వాళ్లు" అనేది. "వాళ్లకి నిన్న ఎండ తగిలింది", "వాళ్లు బొప్పాయి తొక్క ఇష్టంగా తింటన్నారు" అని. తొట్టిలో చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి గుత్తులు గుత్తులుగా వేలాడేవి. నేను రెండు గజాల దూరంలో నిలబడి "అబ్బ, ఎంత బాగున్నాయక్కా" అనేదాన్ని.

ఒక రోజు పొద్దున్నే వ్యవసాయ ఆఫీసు అసిస్టెంటు అమ్మాయి ఫోన్ చేసింది. పది గంటలకు ఆఫీసరు గారు నా షెడ్డు చూస్తారు, అక్కది రేపు చూస్తారు అని. ఫోన్ పెట్టేసి తొట్టి దగ్గరికి పరిగెత్తాను. లోపల ఎండిన పేడ, ఒక పగిలిన చీపురు, గుడ్లు పెట్టుకోవడానికి కోడి చేసుకున్న గుంట. రెండు గుడ్లు కూడా ఉన్నాయి.

రెండు ఖాళీ బేసిన్లు పట్టుకుని అక్క ఇంటికి పరిగెత్తాను.

"ఏందమ్మాయ్, అట్టా రొప్పుతున్నావు?"

"అక్కా, నా పాములు చచ్చిపోయాయి. ఆఫీసరు వస్తున్నాడు. నీవి రెండు బేసిన్లు ఇవ్వు. మధ్యాహ్నానికల్లా తెచ్చిస్తాను. నీది రేపే కదా."

అక్క నన్నేమీ అనలేదు. ఎట్లా చచ్చాయని కూడా అడగలేదు. కొంగు దోపుకుని తొట్టిలోకి వంగింది. పైపై మట్టి కాదు, పాములు దట్టంగా ఉన్న చోటు చూసి మరీ తీసింది. రెండు బేసిన్లు నిండాక తడి గుడ్డ కప్పింది.

"ఎండలో పెట్టమాక. కోళ్లు ఉంటాయి మీ ఇంట్లో, జాగ్రత్త. ఇంకో బేసిను కూడా తీసుకుపోరాదూ, తొట్టి పెద్దది గదా, పల్చగా కనపడిద్ది."

ఇంకోటి కూడా ఇచ్చింది. అడగకుండానే. 

ఆఫీసరు గారు వచ్చారు. నెమ్మదస్తుడు. తొట్టిలో పుల్లతో కదిపి, పాములు చూసేసరికి ఆయన ముఖం విప్పారింది. "ఏం వేస్తున్నారమ్మా వీటికి?" అన్నారు. "బొప్పాయి తొక్క ఇష్టంగా తింటారండి" అన్నాను. ఆయన అది కూడా రాసుకున్నారు. తర్వాత ఫొటో కోసం దోసిట్లో పాములు పట్టుకుని నవ్వమన్నారు. పట్టుకున్నాను. నవ్వాను కూడా. ఆ ఫొటోతో తర్వాత మండలంలో ఫ్లెక్సీ వేశారు. దాంట్లో నేను కళ్లు మూసుకుని ఉంటాను. భూమాత మీద భక్తి అనుకున్నారు అందరూ. అది కళ్లు తిరగడం.

అంతటితో అయిపోతే నా బతుకు బాగుండేది. ఆయన వాచీ చూసుకుని, "ఎలాగూ వచ్చాం, ఆ రెండో షెడ్డు కూడా ఇవాళే చూసేద్దాం" అన్నారు.

ఇప్పుడేం చేయాలి? ముందు వీళ్లను ఆపాలి. "టిఫిను చేయకుండా వెళ్తే నా మీద ఒట్టే సార్" అని ఇంట్లోకి లాక్కొచ్చాను. ఉప్మా పెట్టాను. గోంగూర పచ్చడి వేశాను. ఉప్మాలోకి గోంగూర ఏమిటని ఆయన మొహమాటపడుతుంటే మళ్లీ వేశాను. ఈలోగా మా ఆయనకు కళ్లతో సైగ చేశాను: ఆ పాముల్ని బేసిన్లకెత్తి దొడ్డిదారిన అక్కకు చేర్చమని. ఆయన ఆ సైగకు అర్థం, ఇంకాస్త ఉప్మా పెట్టమని అనుకుని, గిన్నె తెచ్చి ఆఫీసరు గారికి మూడోసారి వడ్డించాడు.

నేనే పెరట్లోకి పోయాను. తొట్టి మీద గోనెపట్టా తీసి పక్కన పడేసి ఉంది, ఫొటో కోసం తీసిందే. తొమ్మిది కోళ్లూ తొట్టిలో ఉన్నాయి. తలకాయ ఎత్తకుండా తింటున్నాయి. ఒకటి నన్ను చూసి కూడా చూడనట్టు, నోట్లోంచి వేలాడుతున్నదాన్ని నిదానంగా లోపలికి లాక్కుంది. తరిమి, చేతులతో కెలికి చూశాను. అసహ్యం ఎటు పోయిందో. పది పన్నెండు మిగిలాయి.

అక్క ఇంటికి వెళ్లాం. ముందే వచ్చిన వాళ్లను చూసి అక్క కంగారు పడి, నా చేతుల వైపు చూసింది. ఖాళీ చేతులు. ఆఫీసరు గారు పుల్లతో కదిపారు. ఒకటి, రెండు. మళ్లీ లోతుకు కదిపారు. ఇంకొకటి.

"పాములు ఏవమ్మా?"

అక్క చెప్పొచ్చు. "ఇప్పుడు మీరు చూసొచ్చినవి నావే సార్" అంటే చాలు. అనలేదు. "ఎండకు అడుక్కి దిగుంటాయి సార్. మంచినీళ్లు తెస్తానుండండి" అని లోపలికి వెళ్లింది. నాకు సమయం ఇచ్చిందనే ఇప్పటికీ నా అనుమానం. ఈ అమ్మాయే చెబుతుందిలే, నేనెందుకు దాన్ని బయటపెట్టడం అనుకుని ఉంటుంది.

ఆఫీసరు గారు నా వైపు తిరిగారు. "మీరు బాగా చేస్తున్నారు కదా. ఇక్కడ ఏం లోపం జరిగిందంటారు?"

ఏం చెప్పాలి? నిజం చెబితే నా షెడ్డు పోతుంది, దొంగనవుతాను. తెలియదండీ అన్నా సరిపోయేది. ఆ ఒక్క మాట అని ఊరుకున్నా ఇవాళ ఇది రాసేదాన్ని కాదు. కానీ నన్ను తెలిసినదాన్ని అనుకుని ఒక ఆఫీసరు అడుగుతున్నాడు, చుట్టూ నలుగురున్నారు, నా నోరు ఊరుకోలేదు. చాలా జాలిగా, గొంతు తగ్గించి అన్నాను:

"రోజూ తడపాలండి. పాపం పెద్దావిడ. ఓపిక లేదు."

ఆయన తలూపి రాసుకున్నారు. అక్క నీళ్ల గ్లాసు తెచ్చి ఆయనకిచ్చి, తర్వాత నాకూ ఇచ్చింది. తాగాను.

అక్కకి రెండో విడత రాలేదు. కప్పు లేని తొట్టి తొలకరి వానలకు నిండిపోయి మిగిలినవీ కొట్టుకుపోయాయి. ఎరువు అమ్మి, కౌలు చేను వాళ్లను అడిగి ఇంకో ఎకరం చేద్దామనుకుంది. అది లేదు. రెండేళ్లకు ఆ ఎకరంన్నరా వదిలేసింది. సీజన్లో మా కళ్లానికే కూలికొచ్చి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిరపకాయలకు తొడిమలు తీసేది. ఆ ఘాటుకు మిగతావాళ్లు మధ్యలో నాలుగుసార్లు లేస్తారు. ఆమె లేవదు. ఓపిక లేని మనిషి!

మరి పాముల సంగతి ఏం చెప్పానంటారా? మా తొట్టిలో కలిసిపోయాయి, ఏరలేకపోతున్నాను అన్నాను. "ఉండనీలే అమ్మాయ్, నీ దగ్గరన్నా బతుకుతున్నారుగా" అంది. అక్కడి నుంచి కనపడ్డప్పుడల్లా అడిగేది. ఎట్టున్నారు వాళ్లు? బాగున్నారక్కా. పిల్లలు పెట్టారా? పెట్టారక్కా. చూసిపోతానంటే, ఇప్పుడే పట్టా కప్పాను, కదపకూడదక్కా అనేదాన్ని. నాకు అబద్ధాలు కూడా అలవాటైపోయి, ఒకసారి వర్షానికి కాస్త చిక్కారు, మళ్లీ కోలుకున్నారు అని కూడా చెప్పాను. సాక్ష్యం కోసం పిడుగురాళ్ల బజార్లో ఎరువు ప్యాకెట్టు కొని, కవరు చింపి, సంచిలో పోసి, "మనవాళ్లు చేసిందే అక్కా" అని ఇచ్చాను. ఆమె దాన్ని గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి మురిసిపోయింది.

ఇద్దరం కలిసి ఆ ఆఫీసరును తిట్టుకునేవాళ్లం. "వాడి ముఖంలోనే దయ లేదు" అనేది అక్క. "లేదక్కా" అనేదాన్ని నేను. మూడుసార్లు ఉప్మా తిన్న మంచి మనిషి. ఎక్కడున్నాడో, ఆయనకు కూడా నేను రుణపడి ఉన్నాను.

నేను మాత్రం పెద్దదాన్నయ్యాను. శిక్షణ తరగతులకు పిలిచి మైకు ఇచ్చారు. వానపాముల మీద మాట్లాడించారు. శాలువా కప్పారు.

ఈ ఏడు మళ్లీ షెడ్లు వచ్చాయి. ఆఫీసులో కొత్త అసిస్టెంటు అమ్మాయి నన్ను పిలిపించి, "మస్తాన్‌బీ గారు దరఖాస్తు పెట్టుకున్నారండీ, కానీ పాత కాగితంలో ఇలా ఉంది" అని చదివింది. నిర్వహించే ఓపిక లేదు. తోటి మహిళా రైతు చెప్పారు. "ఇది మీరేనా అండీ? ఇప్పుడైనా చేయగలరంటారా ఆవిడ?"

ఏడేళ్ల క్రితం ఊరికే జాలిగా అన్న మాట అక్కడ ముద్ర వేసుకుని కూర్చుంది. నేను అన్న మాటను నేను మర్చిపోదామనుకున్నా కాగితం మర్చిపోలేదు. తెల్ల కాగితం అడిగి తీసుకున్నాను. ఆ రోజు చూసిన పాములు మస్తాన్‌బీ గారివి, నావి కావు, నేను చెప్పింది అబద్ధం అని రాసి సంతకం పెట్టాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. నవ్వాలో వద్దో తెలియక, "పైకి పంపుతానండి, ఏమవుతుందో చెప్పలేను" అంది. షెడ్డు డబ్బు వెనక్కి కట్టమంటారేమో. కట్టమంటే కడతాను.

అక్కడి నుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. ఓపిక లేదన్న మాట చెప్పాను. చేట కదలడం ఆగింది. తర్వాత కోళ్ల సంగతి చెప్పాను.

"కోళ్లు తిన్నాయా?" అంది. "అదే రోజా?"

"అదే రోజక్కా."

"మరి ఏడేళ్ల నుంచి ఎట్టున్నారని అడుగుతుంటే..." అని ఆగిపోయింది. ముందు నవ్వొచ్చింది ఆమెకి. నిజంగానే నవ్వింది, పైట నోటికి అడ్డం పెట్టుకుని. నేనూ నవ్వబోయాను. అంతలో ఆ నవ్వు ఆగిపోయింది. "నేను ఓపిక లేని దాన్నా?" అంది. "నువ్వు చెప్పావా ఆ మాట? నీళ్లు కూడా తాగి పోయావు గదే మా ఇంట్లో."

ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గట్టిగా కాదు, మామూలుగానే. కాసేపు ఆ తలుపు ముందే నిలబడ్డాను. తర్వాత వచ్చేశాను.

మర్నాడు కళ్లానికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. బజార్లో ఎదురైతే పక్కనున్నామెతో మాట్లాడుతూ వెళ్లిపోయింది. క్షమించమని మళ్లీ అడగడానికి వెళ్లలేదు. వెళ్తే, వద్దనలేక సరేలే అంటుందేమోనని భయం. అట్లాంటి సరేలే నాకు వద్దు.

ఒకటి మాత్రం దాచకుండా చెబుతాను. ఆ రోజు ఇంటికొచ్చి మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. పప్పు, వంకాయ కూర. చాలా రోజులకు ఆకలేసింది. తిన్నాక మళ్లీ పెట్టించుకున్నాను. ఒక మనిషిని అంత బాధపెట్టి వచ్చి ఇంత తింటున్నానేమిటని సిగ్గేసింది. అయినా తిన్నాను.