వాన లేని చోట పెంటకుప్ప

సౌదీ వాళ్లకే ముందు పనివ్వాలని నితాఖత్ అనే రూలు వచ్చింది. ఆపైన బయటిదేశం కూలీలను పెట్టుకుంటే మనిషికింత అని యజమానుల మీద లెవీ పన్ను పడింది. దాంతో నేను పనిచేసే హుఫూఫ్ ఖర్జూర తోటలో తోటివాళ్లు ఒక్కొక్కరే ఇంటిదారి పట్టి, చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. రేకుల గదిలో ఆ ఖాళీ మంచాలు చూస్తే దిగులు పుట్టేది. మాట్లాడదామంటే గొర్రెలు తప్ప దిక్కులేదు.

ఒకరోజు కఫీల్, అంటే వీసా ఇచ్చి నన్ను తెచ్చుకున్న యజమాని, ఎండు మట్టల గుట్ట చూపించి, "ఎరువు బస్తాలు ఇక కొనను. దీన్నీ గొర్రెల పెంటనీ కలిపి ఎరువు చెయ్యి. నీ ఇకామా కడతాను" అన్నాడు. ఇక్కడ ఉండనిచ్చే ఆ కార్డు లేకపోతే నా బతుకు బస్టాండే. మా ఊళ్లో నాకు చేసుకునే పనేమీ లేదు.

పెంటకుప్ప వేయడం నాకొకరు చెప్పాలా! మట్టలు నరికి, పెంట కలిపి, ఇంటి దగ్గర వేసినట్టే నిలువెత్తు కుప్ప వేసి ఊరుకున్నాను. ఎండాకాలం దాటాక తవ్వి చూస్తే వేసిన మట్ట వేసినట్టే ఉంది. ఫోనులో నా భార్యకు చెప్పుకుని మొత్తుకుంటే ఆమె పగలబడి నవ్వింది.

"ఈడంటే మిరుగుల వాన వడి మురుగుతది. ఆడ నీ కోసం మొగులు దిగొస్తదా? నీళ్లు వొయ్యి, ఏదన్న కప్పు, తిరగెయ్యి. గంత దూరం వోయి గీ తెలివేనా?"

"మస్తు చెప్పినవ్ తియ్!" అని ఫోను పెట్టేశాను. పెట్టేశాక, ఆ నవ్వు కోసమే మళ్లీ ఫోను చేద్దామనిపించింది.

ఆమె చెప్పినట్టే చేశాను. కుప్పలో వేడి పుట్టింది. కంటికి కనపడని పురుగులు మట్టను తింటున్నాయన్నమాట. చలికి పొద్దున్నే అందులో చేతులు పెట్టి కాచుకునేవాణ్ణి. ఆ తోటలో వెచ్చగా ఉన్నది అదొక్కటే. పచ్చి పెంట వేస్తే చెట్టు వేళ్లు మాడతాయి. మాగితేనే అందులోని సారం నీళ్లలో కరిగి వేళ్లకందుతుంది. వేడి చల్లారేసరికి ఎరువు నల్లగా, పొడిపొడిగా తేలింది.

కఫీల్ గుప్పెడు తీసి వాసన చూశాడు. "జైన్, జైన్" అని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత తల దించుకుని, "లెవీ మళ్లీ పెరిగింది. నావల్ల కాదు. నీకు ఖురూజ్ కొట్టించాను" అన్నాడు. ఖురూజ్ అంటే ఇక తిరిగిరాని పోకే. గదిలోకి వెళ్లి ఏడ్చాను.

అప్పటికి సగం పాదుల్లోనే ఎరువు పడింది. మిగతాది ఎండలో వదిలేస్తే సత్తువ పోతుంది. వెళ్లే రోజు పొద్దున కూడా తట్టలు మోసి, చెట్టు చెట్టుకూ వేసి, మట్టి కప్పి నీళ్లు కట్టాను. పోయేవాడికి ఇదంతా ఎందుకురా అని అడగడానికైనా అక్కడ ఎవరూ లేరు.