నల్ల కవరుకి పడ్డ తూట్లు

తొమ్మిదేళ్ళుగా నన్ను అందరూ నిక్కచ్చి మనిషి అంటున్నారు. ఆ పేరు నాకు తగదు. ఎందుకో ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెబుతున్నాను.

నేను యానాంలో తాపీమేస్త్రీని. తొమ్మిదేళ్ళ కిందట దరియాలతిప్పలో ఒక చేపల వ్యాపారికి వ్యాను షెడ్డు కట్టాను. ఐసు పెట్టెలు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి నేల వేడెక్కకూడదు, చెమ్మ పైకి రాకూడదు అన్నాడు. ఏటిపక్క స్థలం, రెండడుగులు తవ్వితే నీరే. అడుగున మందపాటి నల్ల కవరు, దానిమీద థర్మోకోల్ పలకలు, ఆపైన కాంక్రీటు. కవరుకి చిన్న చిల్లు కూడా పడకూడదని అమ్మినవాడు మరీ మరీ చెప్పాడు.

ఆ రోజు ఒకటే గాలి. కవరు ఒక పక్క పరిస్తే రెండో పక్క లేస్తోంది. ఇసుక బస్తాలు పెడదామన్నాడు సత్తిబాబు. అతను నా దగ్గర తాపీపని చేసేవాడు, నా భార్యకు సొంత తమ్ముడు. నేను వినలేదు. మాది చేపలు ఎండబెట్టే ఇల్లు. చేపల కింద పరిచిన బరకం పట్టా గాలికి లేస్తే నాలుగు ఇనప ఊచలు దిగ్గొట్టడం చిన్నప్పటినుంచీ అలవాటు. చెయ్యి దానంతటదే ఊచల మీదకి పోయింది, కవరుకీ అలాగే దిగ్గొట్టేశాను. పలకలు పరిచేటప్పుడు వాటిని పీకేశాను. వరసగా తూట్లు కనబడ్డాయి. అతికించే టేపు కోసం బజారుకి వెళ్ళాలి. బద్ధకమా, పొగరా? రెండూ అనుకుంటాను. పైన కాంక్రీటు పడ్డాక ఎవడు చూస్తాడులే అనుకున్నాను.

మొదటి వానలకే నేలంతా చెమర్చింది. వ్యాపారి మమ్మల్నిద్దరినీ పిలిపించి పదిమంది ముందు నిలదీశాడు. సత్తిబాబు కాంక్రీటులో కాలవలోని ఉప్పునీళ్ళు కలిపేశాడని, అందుకే చెమ్మ వస్తోందని చెప్పాను. అంత సులువుగా ఎలా వచ్చిందా అబద్ధం? సత్తిబాబు నావైపు చూశాడు. గొంతు కూడా పెంచలేదు.

"అదేంటి బావా, కవరుకి ఊచలు దిగ్గొట్టింది నువ్వే కదా..."

మాట పూర్తి కానివ్వలేదు. పక్కనున్న పార అందుకుని తిరగేసి భుజంమీద కొట్టాను. కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతిమీదే మళ్ళీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. అప్పుడైనా ఆగాలి కదా? పడిపోయినవాణ్ణి డొక్కలో తన్నాను, మూతిమీద తన్నాను. నోట్లోంచి రక్తం కారుతుంటే అరిచాను.

"తప్పు నువ్వు చేసి నామీదకి తోసేత్తావేంట్రా?"

దొంగే దొంగ దొంగ అని అరవడమంటే ఇదే. చూసినవాళ్ళంతా నాకు కోపం వచ్చిందనుకున్నారు. కోపం లేదు. ఇంకొక్క మాట బయటికొస్తే ఇక నన్నెవరూ పనికి పిలవరేమోనన్న భయంతో, ఆ నోరు మూయించడానికే కొట్టాను. నలుగురు పట్టుకోకపోతే చంపేసేవాణ్ణే.

బావాబామ్మర్దుల గొడవ అని పెద్దలు సర్దేశారు. పని పాడుచేస్తే సొంత బామ్మర్దినైనా వదలడని నాకు పేరొచ్చింది. ఆ పేరు మీదే పనులూ వచ్చాయి. సత్తిబాబు మణికట్టు వంకరగా అతుక్కుంది. మళ్ళీ తాపీ పట్టలేదు. అడవిపొలం ఊళ్ళో రొయ్యల చెరువుకి కాపలా ఉంటున్నాడు. మొగుడి పరువు తీశాడని నా భార్య అప్పటినుంచీ తమ్ముడితో మాట్లాడటం మానేసింది.

మొన్న ఒక పెళ్ళి భోజనాల్లో అతను మా ఎదురు వరసలో కూర్చున్నాడు. ఎడమచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. నా భార్య అది చూసి, చేసినదానికి దేవుడు బాగానే చూపించాడని నా చెవిలో అంది. నేను తలూపాను. అవును, తలూపాను.

తూట్లు పొడిచింది నేనే. సత్తిబాబుకి ఇదేం కొత్త సంగతి కాదు. తెలియాల్సింది మా ఆవిడకి. ఆవిడ ఇప్పుడు వంటింట్లోనే ఉంది, పిలిస్తే పలుకుతుంది. పిలవలేకపోతున్నాను. మీకైతే చెప్పాను, కాస్త ఊపిరి ఆడుతోంది.