కొనొద్దని రాసిన బోర్డు

తొంభైల్లో తిరుమలగిరిలో మాకు విత్తనాల దుకాణం ఉండేది. గుమ్మం పక్కన నల్లబోర్డు పెట్టి, రోజూ పొద్దున్నే సేద్యం గురించి ఒక మాట రాసేదాన్ని. అంగడికి వచ్చినవాళ్లు ఆగి చదివేవాళ్లు.

ఆ ఏడు జూన్‌లో, మిరుగం (మృగశిర) కార్తెలో నాలుగు చినుకులు రాలగానే జనం ఆముదం విత్తనాలకు ఎగబడ్డారు. నేనేమో, "గిది ఉత్త తుంపర. భూమి జానెడు లోతు తడిసేదాకా ఇత్తనం కొనకుండ్రి" అని రాశాను. అది చదివి కొందరు ఇంటికి, కొందరు ఎదురు దుకాణానికి వెళ్లిపోయారు.

"దుకాణం ముంచుతవా ఏంది? తుడువు!" అని మా ఆయన అందరి ముందూ అరిచాడు. సిగ్గుతో చచ్చిపోయాను కానీ తుడవలేదు.

వాన మొహం చాటేసింది. తొందరపడి వేసిన గింజలు భూమిలోనే మాడిపోయాయి. చివరికి గట్టి వాన పడిన మర్నాడు తలుపు తీస్తే మా దుకాణం ముందు జాతరే! ముందు నిలబడ్డ ఒక ముసలమ్మ మా ఆయనతో, "గా బోర్డు రాసిన బిడ్డ ఏది? నిజం జెప్పింది ఆమెనే. ఆమె చేతులతోనే ఇత్తనం ఇప్పియ్యి" అంది.

మా ఆయన సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు వచ్చిన గిరాకీ మళ్లీ మమ్మల్ని విడవలేదు.

ఆ పొద్దున మాత్రం ఎదురు దుకాణానికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాశాను: "ఇగ కొనుండ్రి!"