అంచు మీద పెట్టిన స్కేలు

ఫిబ్రవరి తొమ్మిదో తారీఖు, ఆదివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు మా అవ్వ చీర మీద మొదటి కోత పెట్టాను. ఇవాళ బొంతను ఎండకు వేస్తుంటే నీలం ముక్కల మీద వెలుగు పడి, ఆ పూటంతా మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. తారీఖు, గంట నోటుబుక్కులో ఉన్నాయి. వెలుగును మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

మా అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అనేవాళ్లం. ఆ చీర బాపు గుంట మగ్గం మీద నేసిన ఆఖరిది. నీలం ఒళ్లు, ఎర్రంచు. అవ్వ దాన్ని ఇరవై ఏడేళ్లు కట్టింది. ఆమె పోయి పంతొమ్మిదేళ్లు. అన్నాళ్లూ శ్రీరాంపూర్‌లో మా చెల్లె దాన్ని ఇనుప పెట్టెలో వేపాకు మధ్య దాచింది. పోయిన చలికాలం తీసి చూస్తే అక్కడక్కడ పలచబడి ఉంది. పెట్టెలో చివికిపోయే కన్నా కప్పుకుంటే నయమని, దానితో చెరొక బొంత కుట్టుకుందామని అనుకున్నాం. చెల్లె ఒక్కటే షరతు పెట్టింది. “ఎంతన్న కొయ్యి గని కొంగు ముట్టకు అక్కా. అది నాది.” చిన్నప్పుడు అవ్వ ఏ చీర కట్టినా సరే, దాని కొంగు ముఖం మీద కప్పుకుంటే తప్ప అది నిద్రపోయేది కాదు. అరవై నాలుగేళ్లు వచ్చినా ఆ హక్కు వదులుకోలేదు.

నేను మెట్‌పల్లి నుంచి బస్సులోనే లెక్క వేసుకుంటూ వెళ్లాను. కొంగు ఒక గజం పక్కన పెడితే మిగిలేది నూట ఎనభై మూడు అంగుళాలు. మూడు అంగుళాలు తరుగుకు పోను, ఆరేసి అంగుళాల పట్టీలు ముప్పై. రెండు అంచులూ తీసేస్తే ఒక్కో పట్టీకి ఏడు ముక్కలు, అంటే రెండు వందల పది. మధ్య మధ్య తెల్ల గుడ్డ వేస్తే బొంతకు నూట ఐదు చాలు. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. అంత చక్కగా కుదిరిన లెక్కను చూసి అప్పుడే భయపడవలసింది.

అవ్వ బొంత కుట్టేటప్పుడు కత్తెర పట్టేది కాదు. బట్టలోంచి ఒక పోగు లాగి, ఆ గీత వెంట చర్రున చింపేది. ఈ చీర ఆ చింపుడుకు ఆగదు. అందుకే చెల్లె కోడలు తన గుండ్రటి కత్తి తెచ్చింది. పిడి చివర పైసా బిళ్లలాంటి చక్రం, దాని మీద ఒక మూత. ఆ పిల్ల ఇంట్లోనే బొంతలు కుట్టి అమ్ముతుంది. కింద ఆకుపచ్చ చాప పరిచి, ఆరంగుళాల వెడల్పు స్కేలు నా చేతికి ఇచ్చింది.

“నిలబడి కొయ్యుండ్రి పెద్దత్తమ్మా. వేళ్లు స్కేలు నడుమ ఉండాలె, అంచుకు రావద్దు. చక్రం మీ దిక్కు గుంజొద్దు, ముందుకే తొయ్యాలె. ఒక్క కోత కాంగనే మూత.”

అన్నీ ఒప్పుకున్నాను, ఒక్కటి తప్ప. చీరను నిలువునా సగానికి మడిచి, స్కేలును మడతకు సరిచూడమంది. నేను అంచుకు సరిచూశాను. “ఇది మగ్గం బట్ట బిడ్డా, మిల్లుది గాదు” అన్నాను. మా బాపు ఎప్పుడూ అనేవాడు: “కండ్లు మోసం జేస్తయి, అంచు చెయ్యది.” కోడలు ఏదో అనబోతే చెల్లె ఆపింది. “ఊకో. అక్క లెక్క ఎన్నడు తప్పలే.” ఆ పిల్ల చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

తరువాతి ఇరవై నిమిషాలు నిద్రో మెలకువో చెప్పలేను. చక్రం కదిలితే చప్పుడు లేదు. ధర్మపురి దగ్గర గోదావరిలో పడవ వెనక నీళ్లు విడిపోయినట్టు నీలం బట్ట రెండుగా విడిపోయేది. కిటికీలోంచి ఎండ చాప మీద పడి, మగ్గం గుంటలో బాపు కాళ్లు, దారానికి పట్టిన గంజి వాసన, అన్నీ అక్కడే ఉన్నట్టుండేది. నేను కోస్తుంటే చెల్లె మడత విప్పకుండా పట్టీలు పేర్చింది. పద్నాలుగోది మాత్రం ఎందుకో విప్పింది.

“అక్కా, ఇది మోచెయ్యి లెక్క వంగిందేందే?”

మూత వేయకుండానే కత్తి వదిలి పట్టీ అందుకోబోయాను. చూపుడువేలు చురుక్కుమంది. వేలు నోట్లో పెట్టుకునే పద్నాలుగూ విప్పి చూశాను. అన్నీ సరిగ్గా మడత దగ్గర వంగాయి. అవ్వ నడుములో దోపిన పై అంచు ఒక తీరుగా, బండ మీద దెబ్బలు తిన్న కింది అంచు ఇంకో తీరుగా కుంచించుకుపోయి, మడతకు సమంగా లేకుండా పోయాయి. బాపు చెప్పింది మగ్గం దిగిన చీర సంగతి. ఉతికింది అవ్వ.

పట్టీకి నడిమి ముక్క ఒకటి చొప్పున పద్నాలుగు పోయాయి. ఉన్న బట్టంతా కోసినా బొంతకు ఏడేసి తక్కువ. మిగిలింది కొంగు ఒక్కటే. నా బొంత చిన్నది చేసుకుంటానని చెల్లెతో అన్నాను. కోడలు చాయ్ తెచ్చి, పట్టీలను చూసి, ఏమీ అనకుండా నా వేలికి గుడ్డ కట్టింది. ఆ మర్యాద వేలి కన్నా ఎక్కువ మండింది.

చెల్లె చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కొంగును చాప మీదికి లాగి పరిచింది. “ఎన్ని పట్టీలు గావాలె?”

“రెండు.”

“అయితే రెండడుగులు మిగుల్తది గదా. నా ముఖం ఏమన్న పెరిగిందా?” అని కోడలి చేతికి స్కేలు ఇచ్చింది. “మడత మీద పెట్టు బిడ్డా. మీ పెద్దత్తమ్మను దూరం కూసోమను.”

దూరంగానే కూర్చున్నాను. కోడలు మిగిలిన పదహారు పట్టీలనూ, కొంగులోంచి రెండింటినీ, మూడింటికోసారి ఆగి స్కేలు సరిచూసుకుంటూ కోసింది. ఒక్కటీ వంగలేదు. అంచు ఒక్క ఏడాదిలో కుంచించుకుపోయింది కాదు. ఏ ఉతుకులో చూసినా చీర చీరలాగే ఉండి ఉంటుంది. మేమూ అలాగే కొద్దికొద్దిగా మారామేమో.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, పోయినవాటి లెక్క రాసుకున్నాను. నీలం ముక్కలు పద్నాలుగు. కొంగులో పన్నెండు అంగుళాలు. ఎడమ చూపుడువేలి తోలు, గోరంత. బాపు మాట ఒకటి.